గోడపొయ్యికి ఇనప పెట్టె బిగించే ముందు

నీలగిరుల్లో కాపురమున్న మన తెలుగువాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి చలి మీదికే వస్తుంది. ఊటీ, కూనూరు, కోత్తగిరి వైపు పాత బంగళాలు కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళలో ముందుగదిలో గోడలోకే కట్టిన పొయ్యి ఒకటి సాధారణంగా ఉంటుంది. దొరల కాలం నాటిది. 1820లలో కలెక్టరు జాన్ సల్లివన్ ఊటీలో రాతి ఇల్లు కట్టుకున్నప్పటినుంచీ ఇక్కడికొచ్చిన తెల్లవాళ్ళు తమ దేశపు ఇళ్ళ పద్ధతినే ఇక్కడా దించారు. ఫైర్‌ప్లేస్ అన్న మాట మా అమ్మ నోట పలకదు. ఆవిడ గోడపొయ్యి అంటుంది. నేనూ ఆ మాటే వాడతాను. ఇప్పుడు చాలా ఇళ్ళలో దాని ముందు పూలకుండీయో, టీవీ బల్లో పెట్టేశారు. కొద్దిమంది మాత్రం ఇంకా వెలిగిస్తారు, వెలిగించి కళ్ళు నులుముకుంటారు.

ఆ గోడపొయ్యి నోట్లో బిగించే ఇనప పెట్టెలున్నాయి. ముందువైపు అద్దం తలుపు, పైన పొగగొట్టం తగిలించే మూతి, గాలిని తగ్గించి పెంచే మీట. వీటిని ఇన్సర్టులంటారు. మంచుదేశాల్లో మామూలు సరుకే గాని మన దగ్గర కొత్త. మేము ఒకటి పెట్టించామని తెలిసినప్పటినుంచీ ఏ కంపెనీది, ఎంత అయింది అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ రెండూ ఆఖర్న అడగాల్సిన ప్రశ్నలని నా అభిప్రాయం. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూస్తున్నవాణ్ణి. దరఖాస్తు ఎంత అందంగా టైపు చేసి ఉందన్నది కాదు, మనిషి ఎలాంటివాడో, వెనక తాకట్టు ఏముందో చూడాలని మాకు మొదట్లోనే నేర్పారు. ఇక్కడ పెట్టె దరఖాస్తు లాంటిది. మనిషి పొగగొట్టం. తాకట్టు కట్టెలు.

మాకు ఇది సరదాకి వచ్చిన ఆలోచన కాదు. అమ్మకి ఎనభై నాలుగేళ్ళు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఊటీలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది, పాదరసం సున్నా దగ్గరికి జారే రోజులూ ఉంటాయి. రాతిగోడలు పగలు పీల్చిన చలిని రాత్రి గదిలోకి వదులుతాయి. గోడపొయ్యి వెలిగిస్తే అమ్మకి దగ్గు, వెలిగించకపోతే కీళ్ళ నొప్పులు. కోయంబత్తూరులో ఉన్న తమ్ముడు చలికాలం మూడు నెలలూ అమ్మని కిందకి దింపమంటాడు. “నాన్న పోయిన ఇల్లు తాళం పెట్టి నేనెక్కడికీ రాను నాయనా” అని ఆవిడ. ఈ మధ్యలో ఆవిడ తన చిన్ననాటి అలవాటు కొద్దీ మంచం పక్కన కుంపటి పెట్టించుకోవడం మొదలుపెట్టింది, కిటికీలన్నీ బిగించి.

కుంపటి గురించి ఇక్కడ ఒక్కమాట. బొగ్గు నిప్పుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేదు కదా అని ధీమాగా పడుకుంటారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ప్రాణవాయువు పట్టాల్సిన చోట రక్తంలో అది పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, ఆ మగతలోనే ప్రాణం పోతుంది. కొండ ఊళ్ళకి విహారానికి వచ్చి గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్తలు అప్పుడప్పుడూ పేపర్లో వస్తూనే ఉన్నాయి. మన పెద్దవాళ్ళ పెంకుటిళ్ళలో పెంకుల సందుల్లోంచి ఆ గాలి బయటికి పోయేది కనక కుంపట్లు నడిచాయి. కిటికీలు బిగించిన గదిలో పనికిరాదు. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

అసలు తెరిచిన గోడపొయ్యి ఎందుకు వేడి ఇవ్వదు? మంట చూడ్డానికి ఘనంగానే ఉంటుంది. కాని ఆ వేడిగాలి పొగగొట్టంలోకి ఎగబాకుతూ గదిలో గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. పోయిన గాలికి బదులు తలుపుల కిందనుంచీ కిటికీ సందుల్లోంచీ చలిగాలి లోపలికొస్తుంది. మంటకెదురుగా మోకాళ్ళు కాలతాయి, వీపు గడ్డకడుతుంది. కట్టెలోని వేడిలో నూటికి పదీ ఇరవై పాళ్ళ మధ్య గదికి దక్కితే గొప్ప. మిగతాదంతా ఆకాశానికి దానం. మంచి ఇనప పెట్టె నూటికి డెబ్భై, ఎనభై పాళ్ళు గదికి దక్కిస్తుంది. తలుపు మూసి ఉండటం వల్ల మంటకి కావలసినంత గాలే లోపలికి వెళుతుంది, అది మొదటి కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యం. కట్టె బరువులో ముప్పాతిక వంతు దాకా వేడికి వాయువులుగా మారి బయటపడుతుంది. మనం పొగ అని తిట్టేది చాలావరకు కాలకుండా తప్పించుకున్న ఆ కట్టే. మంచి పెట్టెలో పైభాగాన వేడెక్కిన గాలిని రెండోసారి వదిలే చిల్లులుంటాయి. అక్కడ ఆ వాయువులు కూడా అంటుకుంటాయి. కట్టెకి తగలకుండా పైన తేలుతున్నట్టు మంట కనిపిస్తుంది. అది కనిపిస్తే పెట్టె సరిగ్గా పనిచేస్తున్నట్టే.

ఇప్పుడు లెక్క. అర్థమవడానికి కరెంటు యూనిట్లలోనే చెబుతాను. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 4 యూనిట్ల వేడి ఉంటుంది. తెరిచిన గోడపొయ్యిలో గంటకి మూడు కిలోలు వేశామనుకోండి, 12 యూనిట్ల వేడి పుట్టి, నూటికి పదిహేను పాళ్ళ చొప్పున గదికి 1.8 యూనిట్లు దక్కుతుంది. ఒక చిన్న కరెంటు హీటరంత. అదే ఇనప పెట్టెలో గంటకి 1.4 కిలోలు వేస్తే 5.6 యూనిట్లు పుట్టి, నూటికి డెబ్భై అయిదు చొప్పున 4.2 యూనిట్లు గదిలో నిలుస్తుంది. సగంకన్నా తక్కువ కట్టెతో రెట్టింపుకి మించిన వేడి. ఏడాదిలో 120 రోజులు, రోజుకి నాలుగు గంటల చొప్పున 480 గంటలు. పాత పద్ధతిలో 1440 కిలోల కట్టెలు, పెట్టెలో 672 కిలోలు. అంతే వేడి కరెంటు హీటర్లతో కావాలంటే రెండు వేల యూనిట్ల పైమాటే, గాలివానకి తీగలు తెగిన రాత్రి అదీ లేదు. మీ ఊరి కట్టెల ధర, మీ కరెంటు స్లాబు పెట్టి గుణించి చూసుకోండి. బ్యాంకువాణ్ణి కనక దాచకుండా చెబుతున్నాను, కట్టెల మీద మిగిలే డబ్బుతో ఈ పెట్టె ఖరీదు తొందరగా తీరదు. పొగ లేని వెచ్చని గది కావాలనుకునేవాళ్ళకే ఇది గిట్టుబాటు. ఏడాదికి రెండు వారాలు కొండమీదికి వచ్చిపోయేవాళ్ళకి, బెంగుళూరు, పూనా చలికి దుప్పటి చాలినవాళ్ళకి అక్కరలేదు.

ఇక పొగగొట్టం. పెట్టె కోసం దుకాణానికి వెళ్ళకముందే మేము మేస్త్రిని పిలిపించి దాన్ని పరీక్ష చేయించాం. పైన మూతి గోనెపట్టాతో మూసి, కింద తడిగడ్డి అంటించి పొగపెట్టి, ఆ పొగ ఇంట్లో ఎక్కడెక్కడ బయటికొస్తుందో చూడాలి. మా ఇంట్లో అది అటకమీద వచ్చింది. లైటు పట్టుకుని వెళ్ళి చూస్తే రెండు వరసల ఇటుకల మధ్య సున్నం రాలిపోయి వేలు పట్టే సందు ఉంది. అంతకన్నా భయపెట్టింది, పైకప్పు దూలం చివర ఆ ఇటుకలకే ఆనుకుని ఉంది, ఆ చివర నల్లబడి ఉంది. ఇన్నేళ్ళూ దాని కిందే మంట పెట్టుకుని కూర్చున్నాం. మేస్త్రి ఆ దూలం చివర కోసి, ఇనప యాంగిల్ మీద నిలబెట్టి, సందులు పూడ్చాడు. పొగగొట్టం లోపల రెండు పిచ్చికగూళ్ళు, గంపెడు మసి. పెట్టె కొన్నా కొనకపోయినా పాత ఇళ్ళున్నవాళ్ళందరూ ఈ పరీక్ష ఒకటి చేయించుకోవడం మంచిది. పొగ పెట్టేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని, పిల్లల్ని బయట కూర్చోపెట్టండి.

పాత పొగగొట్టం ఎంత బాగున్నా పెట్టెని నేరుగా దానికి తగిలించకూడదు. తెరిచిన మంటకోసం కట్టింది కనక దాని లోపలి వైశాల్యం ఎక్కువ. పెట్టెనుంచి వచ్చే పొగ తక్కువ, పైగా వేడంతా గదిలో వదిలేసి వస్తుంది. ఆ విశాలమైన గొట్టంలో అది చల్లబడి, పైకి ఎక్కలేక, గోడలకి తారులాగా అంటుకుంటుంది. దీన్ని క్రియోసోట్ అంటారు. అది పేరుకుని ఒకరోజు అంటుకుంటే పొగగొట్టమే కొలిమి అవుతుంది. అందుకని పెట్టె మూతినుంచి పైకప్పు దాటేదాకా లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం దింపాలి. సామాన్యంగా ఆరంగుళాల వ్యాసం సరిపోతుంది. కింద గోడపొయ్యి గొంతు దగ్గర ఆ గొట్టం చుట్టూ మిగిలిన ఖాళీని ఉక్కురేకుతో మూసేయాలి, లేకపోతే వెచ్చని గాలి ఆ సందులోంచి పోతుంది. పైన వాన పడకుండా, పక్షులు దూరకుండా టోపీ. పెట్టె ఖరీదు అడిగి ఊరుకుంటే ఇవన్నీ బిల్లులో తర్వాత వచ్చి కూర్చుంటాయి. మాకయిన మొత్తం ఖర్చులో పెట్టె వాటా సగం కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

పొగగొట్టం ఎత్తు విషయంలో కంపెనీ పుస్తకాలు చెప్పనిది ఒకటి ఉంది. పెట్టె పైనుంచి కనీసం నాలుగున్నర మీటర్ల గొట్టం కావాలని అక్కడి నియమం. ఊటీ సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి కింది మైదానాల్లో కన్నా నాలుగో వంతుకి దగ్గరగా తక్కువ. గాలి పల్చబడితే పొగగొట్టం లాగే శక్తి కూడా తగ్గుతుంది. కింద ఊళ్ళలో చక్కగా లాగే గొట్టం ఇక్కడ నీరసిస్తుంది. మా గొట్టం నియమం ప్రకారం చాలినంత ఉన్నా పైన ఇంకో మూడడుగులు పెంచాం. కూనూరులో ఈ బెడద కొంత తక్కువ.

ఇప్పుడు దుకాణానికి వెళ్ళవచ్చు. టేపుతో గోడపొయ్యి కొలతలు రాసుకుని వెళ్ళండి. ముందు వెడల్పు, ఎత్తు, లోతు, ముఖ్యంగా వెనక వెడల్పు. దొరల పొయ్యిలకి పక్కగోడలు వాలుగా ఉంటాయి, వేడి గదిలోకి తిరగాలని. 1790లలో కౌంట్ రంఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు సూచించిన పద్ధతి అది. మాది ముందు ముప్ఫై అంగుళాలు, వెనక ఇరవైరెండే. నునుపైన కాగితం మీద అచ్చువేసిన కేటలాగులో మా ఆవిడ ముచ్చటపడ్డ పెట్టె అక్కడే పోయింది.

ఎంత శక్తి గలది కావాలి? గది ఘనపు కొలత మీటర్లలో తీసి 14తో భాగించమని ఇంగ్లండులో ఒక మోటు లెక్క చెబుతారు. మా గది పదిహేనడుగులు, పద్నాలుగడుగులు, పదడుగుల ఎత్తు. అంటే 2100 ఘనపుటడుగులు, సుమారు 60 ఘనపు మీటర్లు. భాగిస్తే 4.2 కిలోవాట్లు. బిగువు లేని పాత కిటికీలున్నాయి కనక 5 అనుకున్నాం. బెంగుళూరులో మేము వెళ్ళిన ఒక దుకాణంలో కుర్రాడు 12 కిలోవాట్లది చూపించి, “పెద్దది తీసుకోండి సార్, గది తొందరగా వేడెక్కుతుంది, కావాలంటే తగ్గించుకోవచ్చు” అన్నాడు. వ్యాపారానికి చాలినదానికి రెట్టింపు ఓవర్‌డ్రాఫ్ట్ ఇస్తే ఏమవుతుందో మా బ్రాంచిలో చూశాను. ఇక్కడా అంతే. పెద్ద పెట్టెలో పూర్తి మంట పెడితే గదిలో కూర్చోలేం. గాలి మీట మూసేస్తాం. గాలి అందని కట్టె రాజుకుంటూ పొగ కక్కుతుంది, అద్దం నల్లబడుతుంది, గొట్టంలో తారు పేరుకుంటుంది. చిన్న పెట్టెలో చురుకైన మంట ఎప్పుడూ మేలు.

పెట్టెతో పాటు వచ్చే పరీక్ష పత్రం చదవండి. యూరప్‌లో 2022 జనవరి నుంచీ కొత్తగా అమ్మే కట్టెల పెట్టెలు ఎంత పొగ వదలవచ్చో ఎకోడిజైన్ నియమాలు పరిమితి పెట్టాయి. అమెరికాలో ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2020లో గంటకి 2 గ్రాముల నుసి అని హద్దు పెట్టింది, మామూలు కట్టెలతో పరీక్షిస్తే రెండున్నర. ఈ రెంటిలో ఏదో ఒకటి పత్రంలో కనబడాలి. కొన్ని పెట్టెల్లో వేడిగాలిని నెట్టే ఫ్యాను ఉంటుంది. కరెంటు లేకుండా కూడా సురక్షితంగా పనిచేస్తుందా అని అడిగి రాయించుకోండి. మేము ఫ్యాను లేనిది, పెట్టె చుట్టూ గాలి తనంతట తిరిగే రెండో తొడుగు ఉన్నది తీసుకున్నాం.

మన కోయంబత్తూరు పోతపనికి, ఇంజనీరింగు పనికి పేరున్న ఊరు కదా, అక్కడే చేయించుకోకూడదా అని తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక వర్క్‌షాపులో చూశాం, ధర నాలుగో వంతు. కాని మూడు మిల్లీమీటర్ల రేకు, తలుపు చుట్టూ వేడికి ఆగే తాడు లేదు, రెండో గాలి చిల్లులు లేవు. తలుపున్న గోడపొయ్యి అది, అంతే. అయిదారు మిల్లీమీటర్ల రేకుతో, పైచిల్లులతో, తాడు బిగింపుతో ఎవరైనా చేసి పరీక్ష చేయించి ఇస్తే మొదట కొనమని చెప్పేవాణ్ణి నేనే. అతిథుల గదిలోనైతే దానితో సరిపెట్టుకునేవాళ్ళం. అమ్మ పడుకునే చోటికి మాత్రం మనసొప్పలేదు.

కట్టెల సంగతి చివరికి వచ్చింది గాని చిన్నది కాదు. మన తెలుగులో యూకలిప్టస్‌కి నీలగిరి చెట్టు అనే పేరు. పుట్టిల్లు ఆస్ట్రేలియా అయినా పంతొమ్మిదో శతాబ్దంలో ఈ కొండలమీద నాటాక ఈ కొండల పేరే దానికి స్థిరపడింది. ఇక్కడ కాల్చేది ఎక్కువగా అదీ, వాటిల్, సిల్వర్ ఓక్, పీకేసిన తేయాకు మొదళ్ళు. ఏ కట్టె మంచిదని అడుగుతారు. ఎండిన కట్టె మంచిది. బరువుకి బరువు చూస్తే అన్ని కట్టెల్లోనూ వేడి దాదాపు సమానమే. తేడా అంతా తేమలో ఉంది. పచ్చికట్టె బరువులో సగం నీళ్ళు. టన్ను పచ్చికట్టె కొన్నారంటే, అది కాల్చడానికి పనికొచ్చేలా నూటికి ఇరవై పాళ్ళ తేమకి ఎండేసరికి 625 కిలోలు మిగులుతుంది. 375 కిలోల నీళ్ళకి డబ్బిచ్చినట్టు. ఎండకుండా కాలిస్తే ఆ నీళ్ళని ఆవిరి చేయడానికి ఇంకొంత వేడి పోయి, కిలోకి 4 యూనిట్ల బదులు 2కి కొంచెం ఎక్కువ దక్కుతుంది. గోడౌన్లలో తూకం పెరగాలని నీళ్ళు చల్లిన సరుకుని తనిఖీల్లో చూసినవాణ్ణి, ఈ వ్యాపారం నాకు కొత్తగా అనిపించలేదు.

మా పద్ధతి ఇది. జనవరి, ఫిబ్రవరి పొడి రోజుల్లో కొని, వెంటనే చీల్పించి, నేలకి జానెడు ఎత్తున పేరుస్తాం. పైన రేకు, పక్కలు గాలికి వదిలేస్తాం. ఈ కొండల మీద జూన్ నుంచి నవంబరు దాకా వానే. పక్కలు కూడా పట్టాతో కప్పితే బూజు పడుతుంది. ఒక చెక్కకి సుద్దతో గుర్తుపెట్టి పదిహేను రోజులకోసారి తూచి పుస్తకంలో రాస్తాను. బరువు తగ్గడం ఆగిందంటే అది ఎండినట్టు. సూదులు గుచ్చి తేమ చూసే చిన్న మీటరు కూడా దొరుకుతుంది. అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి, బెరడు మీద కాదు. ఒక హెచ్చరిక, పెరట్లోదే కదా అని చెట్టు కొట్టకండి. ఈ కొండల్లో సొంత స్థలంలోని చెట్టుకి కూడా 1955 నాటి వృక్ష సంరక్షణ చట్టం వర్తిస్తుంది, ముందుగా అనుమతి తీసుకోవాలి.

వెలిగించే పద్ధతి దగ్గర అమ్మకీ నాకూ తగాదా వచ్చింది. లావు కట్టెలు అడుగున, సన్నవి పైన, పుల్లలు ఆపైన పెట్టి పైనుంచి అంటిస్తే పొగ మంటలోంచే వెళ్ళి కాలిపోతుంది. “డెబ్భై ఏళ్ళు పొయ్యి వెలిగించాను, పైనుంచి అంటించినవాళ్ళని చూడలేదురా” అంది. అంటుకున్నాక మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది. అద్దం అడ్డం వచ్చి చేతులు సెగకి పట్టే వీలు లేదని ఇప్పటికీ ఫిర్యాదే. దగ్గు మాత్రం పోయిన చలికాలం బాగా తగ్గింది. ఆవిడ కిందకి దిగలేదు, తమ్ముడే పిల్లలతో సంక్రాంతికి పైకొచ్చాడు.

కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టి కూత పెట్టే పరికరం ఒకటి గదిలో పెట్టించాం, పెట్టె ఎంత మంచిదైనా అది ఉండాల్సిందే. పెట్టె వెలుగుతుండగా వంటింట్లో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను వేయవద్దు. ఇల్లంతా మూసి ఉంటే అది పొగని గొట్టంలోంచి వెనక్కి లాగుతుంది. బూడిదలో మర్నాటిదాకా నిప్పు దాగి ఉంటుంది కనక మూతున్న ఇనప బకెట్లోకి తీసి గుమ్మం బయట రాతిమీద పెట్టాలి. రంగు పూసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ పెట్టెలో వేయకూడదు, కిరసనాయిలు పోయకూడదు. గొట్టం శుభ్రానికి ఇక్కడివాళ్ళు వెదురుకి ముళ్ళకంప కట్టి దింపుతారు. ఇటుక గొట్టానికి అది సరే గాని స్టీలు గొట్టానికి గీతలు పడతాయి. నైలాను బ్రష్షు తెప్పించి ఇవ్వండి. మేము ఏడాదికి రెండుసార్లు చేయిస్తున్నాం, చలి మొదలయ్యేముందు నవంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి.